బీగం వేసిన ఇంట్లో రోలు

మా ఆయనకు సోలార్ పార్కులో పలకలు కడిగే పని దొరికిందని మడకశిర పక్క పల్లె నుంచి మేము ఈ ఊరికి వచ్చాం. కర్ణాటకలో, తిరుమణికి దగ్గరే. రాష్ట్రం మారిందన్న మాటే గానీ, బస్సు బోర్డుల మీద అక్షరాలు తప్ప నాకేమీ మారినట్టు అనిపించలేదు. అదే తెలుగు, అదే రాగిముద్ద, అవే ఎండలు. ఆశ్చర్యపోవడానికి ఇక్కడేముంటుందిలే అనుకున్నాను.

వచ్చిన కొత్తలోనే ఆ మాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. దారాలు కొనడానికి వై.ఎన్.హొసకోటకు పోతుంటే బస్సులో నా పక్కన కూర్చున్న ఆమె కిటికీలోంచి చెయ్యి చూపించి, "అదో, ఆడ మా చేను ఉండాది" అంది. తొంగి చూశాను. కనుచూపు మేర నల్లటి అద్దాలే. గట్టు లేదు, సాలు లేదు, ఒక్క మొక్క లేదు.

"యాడమ్మా?" అన్నాను.

"ఆ ఇనప కంబం దాటినాంక. వేరుశనగ బాగా వస్తాండె. ఇప్పుడు కరెంటు వస్తాది."

"అమ్మేసినారా?" అని అడిగితే నన్ను ఎగాదిగా చూసి, "అమ్మేదేంది? గుత్తకిచ్చినాం. భూమి మాదే" అంది. ఆ అద్దాల కింద తన గట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఆమెకు తెలుసు. బస్సు దిగేదాకా అటే చూస్తూ ఉండిపోయాను.

బస్టాండు దారిలో బాడుగకు ఇల్లు దొరికింది. ముందు గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకున్నాను. నా జాకెట్ల గురించి నేనే చెప్పుకుంటే బాగుండదు గానీ, పక్క పల్లెల నుంచి కూడా గుడ్డలు పట్టుకుని వచ్చేవాళ్ళు. మా అమ్మాయి ఇక్కడి బడిలో కన్నడం నేర్చుకుని పదో తరగతికి వచ్చింది. హమ్మయ్య, కుదురుకున్నాం అనుకునేసరికి మా ఓనరు ఇంటికి టైల్స్ వేయించడం మొదలుపెట్టాడు. మేము కాపురం ఉండగానే, సామానంతా ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మోయించి మరీ. వంటింటి నేలలో పాతిన పాత రోలు ఒకటి ఉండేది. దాన్ని గడ్డపారలతో పెకలించి వీధి చివర పారేశారు. వానొస్తే కుక్కలు అందులో నీళ్ళు తాగేవి.

నేల తళతళా మెరిసిపోయింది. సంబరపడ్డాను కూడా. తర్వాత ఒకరోజు ఓనరమ్మ వచ్చి, గడప అవతలే నిలబడి, "సోలార్ ఆఫీసర్లు ఇల్లు అడుగుతాండారు. నీ బిడ్డ పరీక్షలు అయిపోతానే ఖాళీ చెయ్యండి" అంది. ఆ టైల్స్ ఎవరి కాళ్ళ కోసమో అప్పుడు తెలిసింది.

కోపమొస్తే నా నోరు ఆగదు. ఆ రోజు మాత్రం ఆగింది. ఇల్లు ఆమెది, ఏమంటాను? అన్నీ మనసులో పెట్టుకున్నాను, ఒక రోజు అందామని.

ఊరంతా తిరిగాను. బాడుగకు ఇల్లు లేదు. ఉన్న ఒకటీ అరా సోలార్ వాళ్ళ కోసం ఎత్తిపెట్టినవే. పావగడకు పోదామంటే మా ఆయన తెల్లవారి పనికి అందుకోలేడు, నా గిరాకీ అంతా పోతుంది, బిడ్డకు మళ్ళీ కొత్త చోటు. వెనక్కి పోదామంటే అక్కడ పనే లేదు. అన్నిటికంటే మంట ఎక్కడంటే, పాత వీధిలోకి పోతే వరసగా ఇళ్ళు ఉన్నాయి, అన్నిటికీ బీగాలే. భూములు గుత్తకిచ్చి, నిశ్చింతగా బతకొచ్చని హిందూపురమో తుమకూరో చేరినవాళ్ళ ఇళ్ళు. గోడల మీద చెయ్యి ఆనించుకుంటూ, బీగాలు లెక్కపెడుతూ పోయేదాన్ని.

ఆ వీధి మధ్యలో ఒక మిద్దె ఇల్లు మీద నా కన్ను పడింది. విశాలమైన అరుగు, మందపాటి గోడలు, బరువైన తలుపు. ఆ అరుగు మీద మిషను వేసుకుంటే పొద్దంతా వెలుతురు ఉంటుంది. వీధిలో పోయే ప్రతి ఆడమనిషికీ కనబడతాను. దాని ముందు నుంచి పోయినప్పుడల్లా మిషను ఎటు తిప్పి పెట్టాలో కూడా ఆలోచించుకునేదాన్ని. దానికీ ఒక పెద్ద బీగం.

సరిగ్గా అప్పుడే పంచాయతీలో కొత్త నియమం తెస్తున్నారని చాటింపు వేశారు. ఏడాదికి మించి బీగం పడిన ఇంటిని ఖాళీ ఇల్లుగా లెక్కకడతారు. యజమాని వచ్చి ఉండాలి, లేదంటే బాడుగకు ఇవ్వాలి. రెండూ చేయకపోతే కందాయం, అదే ఇంటి పన్ను, రెట్టింపు. ముందు ఖాళీ ఇళ్ళకు గుర్తులు వేసి, తర్వాత గ్రామసభ పెట్టి, అందరి మాటా విన్నాకే నియమం ఖాయం చేస్తారట. ఊళ్ళో ఆ పక్క కొందరు, ఈ పక్క కొందరు. హోటలు దగ్గర, పాల డైరీ దగ్గర అదే గొడవ. నేను ఏ పక్కో చెప్పనక్కరలేదు.

గుర్తులు వేసే రోజు పంచాయతీ బిల్ కలెక్టరు ఎర్ర రంగు డబ్బా పట్టుకుని వస్తే, ఎక్కడ మరిచిపోతాడోనని నేనే వెంటబడి ఆ మిద్దె ఇంటికి తీసుకుపోయాను. బీగం తీసి ఉంది గానీ, తలుపు దగ్గరగా వేసి ఉండడంతో ఇద్దరమూ గమనించలేదు. అతను గోడ మీద కన్నడంలో ఖాళీ అని రాయడానికి మొదటి అక్షరం దిద్దాడు. లోపల నుంచి దబ్బుమని చప్పుడు. గోడ అదిరింది. కుంచె పట్టుకున్న చెయ్యి ఆగింది. మళ్ళీ దబ్బు. మళ్ళీ.

"ఎలకలేమో," అన్నాడు, మొహం పాలిపోయి.

"ఎలకలకు రోకళ్ళు యాడివప్పా?" అన్నాను. అన్నానే గానీ నేనూ రెండడుగులు వెనక్కి వేశాను.

తలుపు తెరుచుకుంది. ఎదురింటి అవ్వ బయటికి తొంగి చూసింది. మణికట్టు దాకా చేతులు పచ్చగా ఉన్నాయి. ఆ ఇంటి బీగంచెవి ఆమె దగ్గరే ఉంటుందని నాకు తెలియదు.

"ఏందప్పా రాస్తాండావు?"

"ఖాళీ అని, అవ్వా."

"రాయి రాయి. అక్షరాలు గుండ్రంగా రాయి," అంది అవ్వ. తర్వాత నావైపు తిరిగి, "నువ్వు మిషను కుట్టే అమ్మివి గదూ. ఏమే, ఆడే నిలబడినావు?"

"పిలవకుండా ఎట్ల వచ్చేది, అవ్వా?"

"ఈ ఇంటికి ఎవురూ పిలవరు. రావడమే," అంది.

చెప్పులు విడిచి గడప దాటాను. ఈ ఇంట్లోకి ఎలా రావాలా అని నెలల తరబడి చూసినదాన్ని, లోపలికి రాగానే నోట మాట రాలేదు. బూజు లేదు, దుమ్ము లేదు. నడిమింట్లో నేల అలికి, ముగ్గు పెట్టి ఉంది. మిద్దెకప్పులో వెలుతురు కోసం వదిలిన సందులోంచి ఎండ నిలువుగా దిగుతోంది. సరిగ్గా ఆ ఎండ పడేచోట, నేలలో పాతిన నల్లరాతి రోలు. ఎన్ని తరాల రోకళ్ళు పడ్డాయో, దాని లోపలి గుంట నీళ్ళతో కడిగిన ముఖంలా నున్నగా ఉంది. చుట్టూ వీధిలోని ఆడవాళ్ళు. పసుపు పొడి ఆ ఎండలోకి లేచి, ఇల్లంతా బంగారంలా వెలిగిపోతోంది. నేను గుళ్ళో కూడా ఎప్పుడూ అంత నిశ్శబ్దంగా నిలబడలేదు.

ఎవరో నా చేతికి రోకలి ఇచ్చారు. "ముత్తైదువవి. ఒక పోటు వెయ్యి," అన్నారు. ఎవరి పెళ్ళో కూడా తెలియదు. వేశాను. రాయి తగిలిన అదురు మోచేతుల దాకా వచ్చింది.

విషయం అవ్వే చెప్పింది. పెళ్ళికి ముందు ముత్తైదువలు పసుపు కొమ్ములు దంచుతారు కదా, ఈ ఊరిలో అది నేలలో పాతిన రోట్లోనే దంచాలి. పెకలించిన రోలు శుభానికి పనికిరాదు. మళ్ళీ పాతినా రాదు. గుత్త డబ్బులు రాగానే ఇంటింటికీ టైల్స్ పడ్డాయి, మిక్సీలు వచ్చాయి, రోళ్ళు బయటికి పోయాయి. ఆ రోళ్ళ అవసరం మళ్ళీ పడుతుందని ఒక్కరికీ తోచలేదు. మొదటి పెళ్ళి వచ్చాక గానీ నాలుక కరుచుకోలేదు. ఈ ఇంటివాళ్ళు మాత్రం టైల్స్ కాలం రాకముందే బీగం వేసి హిందూపురం పోయారు. అందుకని ఈ ఒక్క రోలు మిగిలింది.

"ఊర్లో యా పెండ్లి అయినా పసుపు ఈడనుంచే పోవల్ల. బీగం ఉండబట్టే బతికిపోయింది, చూడు," అంది అవ్వ, రోలు అంచు చేత్తో తుడుస్తూ.

బయటికి వచ్చేసరికి బిల్ కలెక్టరు రాయడం పూర్తి చేసి వెళ్ళిపోయాడు. తడి ఆరని ఎర్ర అక్షరాల పక్కనే నా చెయ్యి ఆనించాను కాబోలు, గోడ మీద పసుపు ముద్ర పడింది. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను. ఆ ఇల్లు చూసిన సంతోషం ఒక పక్క. మరి మేమెక్కడ ఉండాలి అన్న దిగులు ఇంకో పక్క. మా ఆయన అంతా విని, "అయితే ఆ ఇంటి మీద ఆశ వదులుకో" అన్నాడు. వదులుకోను అన్నాను. ఎలాగో మాత్రం నాకే తెలియదు.

గ్రామసభ బడి మైదానంలో జరిగింది. షామియానా కింద కుర్చీలు చాలక జనం గోడల మీద కూర్చున్నారు. హిందూపురం నుంచి, తుమకూరు నుంచి ఇళ్ళవాళ్ళు కూడా వచ్చారు. పంచాయతీ అధికారి పీడీఓ మేడమ్ నియమాన్ని కన్నడంలో చదివి, మళ్ళీ తెలుగులో చెప్పింది. చెప్పడం అయిపోకముందే ఒకాయన లేచి, "నా ఇల్లు, నా బీగం. నడిమధ్య పంచాయతీకి ఏంది?" అన్నాడు. ఇంకొకాయన, "ఖాళీ ఇండ్లలో పాములు చేరినాయి. పక్కింట్లో పిల్లోళ్ళు ఉండారు, వాళ్ళకు ఎవురు జవాబు చెప్తారు?" అన్నాడు. రెండూ న్యాయమైన మాటలే.

నాకు ఆగలేదు. లేచాను. "బీగాలకు ఇండ్లు ఉండాయి, మనుషులకు లేవు. ఇదేం న్యాయమప్పా? నా బిడ్డ పరీక్షలు అయిపోతే మేము యాడికి పోవల్ల?" అన్నాను. కూర్చున్నాక చూస్తే ముందు వరసలోనే మా ఓనరమ్మ ఉంది. తల తిప్పుకుంది.

అప్పుడు ఆ మిద్దె ఇంటాయన లేచాడు. మంచి మనిషిలాగే ఉన్నాడు. "ఈ గొడవ నాకు వద్దు. బాడుగకు ఇస్తే వచ్చినోళ్ళు ఇల్లంతా మార్చేస్తారు, రేపు మాదే అంటారు. రెట్టింపు కందాయం నేను కట్టలేను. కూలగొట్టేస్తా. ఇల్లే లేకుంటే ఖాళీ ఇల్లు యాడిది?" అన్నాడు.

ఆడవాళ్ళంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అవ్వ కర్ర పట్టుకుని లేచింది.

"అది ఖాళీ ఇల్లు గాదు," అంది.

"ఎవరుంటున్నారమ్మా అందులో?" అంది పీడీఓ.

అవ్వ వేదిక మీద కూర్చున్న పంచాయతీ అధ్యక్షుడి వైపు తిరిగి, "అధ్యక్షప్పా, నీ కూతురి పసుపు యాడ దంచినారు?" అని అడిగింది.

ఆయన మైకు పక్కకు జరిపి, "ఆడే, అవ్వా" అన్నాడు.

ఆ తర్వాత జరిగింది నేను ఈనాటికీ తలుచుకుంటాను. ఎవరూ అడగలేదు. వెనక నుంచి ఒకామె లేచి, "మా పిల్లదీ ఆడే" అంది. పక్కన ఇంకొకామె, "మా కోడలిదీ ఆడే." గోడల మీద కూర్చున్నవాళ్ళు దిగి నిలబడ్డారు. పెళ్ళై కొత్తగా వచ్చిన కోడళ్ళు, జుట్టు నెరిసినవాళ్ళు, నియమం కావాలని పొద్దున్నుంచి అరిచినవాళ్ళు, వద్దని అరిచినవాళ్ళు. అందరూ నిలబడ్డారు. పీడీఓ పెన్ను కింద పెట్టేసింది. నేను కూడా నిలబడి ఉన్నానని కాసేపటికి గానీ నాకే తెలియలేదు. నాకు ఇల్లు దొరికే దారి మూసుకుపోతోందని తెలిసి కూడా, ఆ జనాన్ని చూసి నా గుండె నిండిపోయింది.

కానీ పీడీఓ మాటా నిజమే. "అమ్మా, నాకు అర్థమైంది. కానీ నియమంలో రోలుకు చోటు లేదు. మనిషి ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు," అంది మెల్లగా.

అప్పుడు మాట్లాడింది ఎవరో తెలుసా? మొదట్లో బస్సులో నా పక్కన కూర్చుని తన చేను చూపించిన ఆమె. మిద్దె ఇంటాయనతో, "అప్పా, నీ భూమీ నా భూమీ పలకల కింద ఉండాయి. పోయినాయా? గుత్తకిచ్చినాం, మనవే. ఇల్లు గూడా అట్లే ఇయ్యి. ఆ మిషను అమ్మిని ఉండనీ. ఆయమ్మి ఉంటే ఇల్లు ఖాళీ గాదు, రోలు యాడికీ పోదు," అంది.

ఆయన నా వైపు చూశాడు. ఊరంతా నా వైపు చూసింది. అవ్వ మాత్రం అంత సులభంగా వదిలే మనిషి కాదు.

"నడిమింట్లో మంచం వెయ్యగూడదు. టైల్స్ మాట ఎత్తగూడదు. పెండ్లోళ్ళు ఎప్పుడొచ్చినా అడ్డం చెప్పగూడదు. ఒక బీగంచెవి నాకాడే ఉంటాది," అంది.

"బాడుగ నేను కట్టేది, బీగంచెవి నీకాడా?" అన్నాను. నా నోరు అంతే. జనం నవ్వారు.

"అవును," అంది అవ్వ, నవ్వకుండా.

సరే అన్నాను. నియమం సంగతి తేలడానికి ఇంకా ఎన్నో సభలు పట్టింది, ఇప్పటికీ కొన్ని బీగాలు అలాగే ఉన్నాయి. నా సంగతి మాత్రం ఆ రోజే తేలింది. పరీక్షలు అయిన వారానికే సామాను మోసుకుని వచ్చాం. అరుగు మీద మిషను వేసుకున్నాను, అనుకున్న వైపే తిప్పి. ఎర్ర అక్షరాల మీద సున్నం కొట్టిద్దామన్నాడు మా ఆయన. కొట్టాం, మళ్ళీ వానకు పైకి తేలాయి. వదిలేశాం.

ఆ ఇంట్లో కాపురం మామూలు కాపురం కాదు. మంచాలు గోడల వెంబడి, నడిమిల్లు బోసిగా. అన్నం తింటుండగా ఆడవాళ్ళు చేటలతో, పసుపు కొమ్ములతో నేరుగా లోపలికి వచ్చేసేవాళ్ళు. మొదట్లో విసుక్కునేదాన్ని, పళ్ళెం ఎత్తుకుని వంటింట్లోకి పోయేదాన్ని. రోకలి పడిన మొదటి చప్పుడుకు మళ్ళీ అక్కడికే వచ్చి నిలబడేదాన్ని. ఎన్ని పెళ్ళిళ్ళు చూసినా, ఆ ఎండలోకి పసుపు లేచినప్పుడు మొదటి రోజులాగే నాకు మాట పడిపోతుంది. అవ్వ నన్ను చూసి, "ఇంకా అలవాటు కాలేదా, అమ్మీ?" అని ఎగతాళి చేస్తుంది. కాలేదు.

పోయిన మాఘంలో ఒకరోజు మిషను తొక్కుతుంటే అరుగు కింద ఎవరో నిలబడ్డారు. తలెత్తాను. మా పాత ఓనరమ్మ. పక్కన కూతురు, చేతిలో పసుపు కొమ్ముల చేట. వెంట వచ్చిన ఆడవాళ్ళు ఎప్పట్లాగే గడప దాటి లోపలికి వెళ్ళిపోయారు. ఆమె మాత్రం కదల్లేదు. ఇల్లు ఖాళీ చెయ్యండి అని చెప్పిన రోజు ఎలా గడప అవతల నిలబడిందో అలాగే నిలబడింది. ఈసారి తల దించుకుని.

ఒక రోజు అందామని దాచుకున్న మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి. వరస కూడా మరిచిపోలేదు. వీధి చివర కుక్కలు నీళ్ళు తాగే రోలు దగ్గర మొదలుపెట్టాలి. ఆమె కూతురు నన్నూ తల్లినీ మార్చి మార్చి చూస్తోంది. లోపల అప్పుడే ఎవరో రోలు కడుగుతున్న నీళ్ళ చప్పుడు.

"ఏందక్కా, ఆడే నిలబడినావు?" అన్నాను.

"నువ్వు రమ్మనలేదు కదమ్మా," అంది, ఎవరికీ వినబడనంత మెల్లగా.

"ఈ ఇంటికి ఎవురూ పిలవరు," అన్నాను. "రావడమే."

ఆమె చెప్పులు విడిచింది. నేను మిషను మీద నుంచి లేచి, ముందుగా లోపలికి పోయి, రోకలి తెచ్చి ఆమె చేతికిచ్చాను.